నాయన బీరువా తాళం... కొడుకు చేతి ఫోను

వేరుశనగ అమ్మిన డబ్బు ఒకప్పుడు మా వనపర్తి వైపు తువ్వాల్లో మూట కట్టుకుని ఇంటికొచ్చేది. మార్కెట్ యార్డులో కాంటా అయ్యాక అడ్తి సేటు తన బాకీ, వడ్డీ, కమీషను పట్టుకుని మిగిలింది చేతిలో పెడితే, నాయన ఆ మూటను తెచ్చి దేవుని అర్రలో పటం ముందు పెట్టేవాడు. ఇంటావిడ నోట్లు లెక్కపెట్టకపోయినా మూట లావు చూసి ఈ ఏడు పిల్ల పెండ్లి అవుతుందో లేదో చెప్పగలిగేది!

ఇప్పుడా మూట లేదు. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోస్తే డబ్బు నేరుగా బ్యాంకులో పడుతుంది. ఖాతా నాయనది. పడిందన్న మెసేజి వచ్చేది కొడుకు ఫోనుకు. ఎందుకంటే ఖాతా తెరిచిన రోజున నాయన దగ్గర ఫోను లేదు, ఉన్నా చదవడం రాదు. "మీ వాడి నంబరు రాయండి" అన్నారు బ్యాంకులో. రాశారు. అప్పటినుంచి డబ్బు మీద హక్కు ఒకరిది, ఆ డబ్బు దగ్గరికి పోయే దారి ఇంకొకరిది అయిపోయింది. ఆడవాళ్లకు ఇప్పుడు మూట లావు కూడా కనబడదు.

తండ్రీ, ఎదిగిన కొడుకూ కలిసి సంసారం నడపడం మనకు కొత్త కాదు. "ఇద్దరు మగోళ్లున్న ఇల్లు, వాళ్లకేంది" అనుకుంటాం. ఆ ఇద్దరి మధ్య లెక్కలు ఎలా నడుస్తున్నాయో మాత్రం ఆ ఇంటి గడప లోపల ఉన్నవాళ్లకే తెలుసు. నిజానికి వాళ్లకూ సగమే తెలుసు.

వనపర్తి చదువుల ఊరు. రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ కాలేజీ పెట్టి ఎన్నో దశాబ్దాలయింది. కాబట్టి చుట్టుపక్కల ఊళ్లలో కాగితం చదివి అర్థం చేసుకునే కొడుకులకు కొరత లేదు. తండ్రులు మాత్రం నోటి లెక్కల మనుషులు. ఎవరికి ఎంత ఇచ్చిందీ, ఏ ప్రోనోటు ఏ సంవత్సరానిదీ అంతా తలలోనే. అడిగితే "నాకెరుకలేదా?" అంటారు. ఎరుకే. కానీ ఆ తల ఒక్కటే ఉంది, దానికి నకలు లేదు.

"నువ్వే అడుగమ్మా"

ఈ ఇద్దరి మధ్య మాట మోసేది తల్లి. ఈ సంభాషణ మీ ఇంట్లోనూ వినబడే ఉంటుంది.

"మోటరు కాలిపోయిందే అమ్మా. వైండింగుకు పైసలు గావాలె."

"మీ నాయినను అడగరాదురా!"

"నువ్వే అడుగు."

రాత్రి అన్నం పెడుతూ ఆమె మొదలు పెడుతుంది. "పిలగాడు మోటరు ఖరాబైందంటుండు..."

"వానికి నోరు లేదా?"

వాడికి నోరుంది. ఇరవై మందిలో మాట్లాడతాడు, పంచాయతీల్లో మాట్లాడతాడు. తండ్రి కూర్చున్న మంచం మీద మాత్రం కూర్చోడు, ఆయన ముందు డబ్బు మాట ఎత్తడు. మర్యాద అంటాం దాన్ని. కొంత మర్యాదే. ఎత్తితే "నాకే లెక్క చెప్తవా?" అన్న మాట వస్తుందన్న భయం ఇంకొంత.

కథలు రాసేదాన్ని గనుక ఒకటి చెబుతాను. మాట మోసే మనిషి ఎప్పుడూ ఉన్నదున్నట్టు మోయదు. కొడుకు "నలభై వేలు కావాలె" అంటే తల్లి వెళ్లి "ఏందో కొంచెం అవసరమున్నదట" అంటుంది. తండ్రి "వానికి పైస ఇయ్య" అంటే, "పంట రానీ అంటుండు మీ నాయిన" అని కొడుక్కి చెబుతుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఈ నేర్పు లేకపోతే ఎన్ని ఇళ్లు ఎప్పుడో విడిపోయేవో! అయితే ఆ మెత్తని మాటల మధ్య అసలు అంకె ఎక్కడో జారిపోతుంది. తండ్రి కొంచెమే కదా అనుకుని ఊరుకుంటాడు. పంట వచ్చేదాకా ఆగలేని కొడుకు బయట తెస్తాడు, మూడు రూపాయల వడ్డీకి.

మూడు రూపాయలంటే మనకు చిన్నగానే వినబడుతుంది. నూటికి నెలకు మూడు. లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. అదే పంట రుణం మూడు లక్షల దాకా ఏడు శాతానికి బ్యాంకు ఇస్తుంది. గడువులోపు కట్టేస్తే కేంద్రం ఇచ్చే రాయితీతో అది నాలుగు శాతానికి దిగుతుంది. లక్షకు ఏడాదికి నాలుగు వేలు. ఒకే ఇంట్లో తండ్రికి నాలుగు శాతం అప్పు దొరికే పట్టా పుస్తకం బీరువాలో ఉంటే, కొడుకు ముప్పై ఆరు శాతానికి ప్రోనోటు రాస్తున్నాడు. మధ్యలో ఉన్న ముప్పై రెండు వేలు ఇద్దరూ మాట్లాడుకోకపోవడానికి ఆ ఇల్లు కట్టే జుర్మానా.

పట్టా ఒకరిది, సేద్యం ఒకరిది

నాకు అన్నిటికంటే ఎక్కువ కంగారు పుట్టించేది ఈ సంగతి.

2018 మే 10న రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగు వేల చొప్పున చెక్కులు ఇచ్చారు. తరువాత అది అయిదు వేలయింది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో ఆరు వేలయింది. ఈ డబ్బు పట్టా ఎవరి పేరుమీద ఉంటే వాళ్ల ఖాతాలోకి పోతుంది. సరే, నాయన ఖాతాలో పడినా ఇంటికే కదా అనుకుందాం.

అదే ఏడు ఆగస్టు 15న రైతు బీమా కూడా మొదలైంది. రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి అయిదు లక్షలు. ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కడుతుంది. ఎంత భూమి అన్న లెక్క లేదు, పట్టా ఉంటే చాలు. ఒకే ఒక్క షరతు వయసు, పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిది దాకా.

ఇప్పుడు మన ఊళ్లలో మామూలుగా కనబడే ఇంటిని తీసుకోండి. నాయనకు అరవై అయిదు. అయిదెకరాల పట్టా ఆయనదే. వయసు దాటింది కాబట్టి బీమా లేదు. కొడుక్కి ముప్పై ఎనిమిది. తెల్లవారుజామున కరెంటు మోటరు వేసేది వాడు, మందు కొట్టేది వాడు, చీకట్లో పాముల మధ్య మడి కట్టేది వాడు. వాడి పేరుమీద గుంట భూమి లేదు కాబట్టి వాడికీ బీమా లేదు. అయిదెకరాల రైతు ఇంట్లో ఒక్కరికి కూడా రైతు బీమా వర్తించదు! రేపు వాడికేదైనా అయితే ఇద్దరు పిల్లలతో కోడలు ఎవరి ముఖం చూడాలి?

"మరి ఓ రెండెకరాలు పిలగాని పేరు మీద చేయరాదా మామా?" అని కోడలు అడగలేదు. అడిగితే ఆస్తి మీద కన్నేసిందంటారు. అత్త అడగగలదు, కానీ ఆమెకు ఈ వయసు లెక్క తెలియదు.

నాయన ఎందుకు చేయడు? పిసినారితనం అనుకుంటే పొరపాటు. "పట్టా పోతే పలకరించేటోడు ఉండడు" అన్న మాట ఆయన తన ఈడువాళ్ల బతుకుల్లో చూసి నేర్చుకున్నది. పొలం రాసిచ్చి, కొడుకుల ఇళ్లలో నెలకొకచోట కంచం పట్టుకుని తిరిగే ముసలివాళ్లు లేని ఊరుందా? ఆ భయాన్ని కొట్టిపారేయడానికి నాకు మనసు రాదు.

అందుకని ఉన్నదంతా రాసివ్వనక్కరలేదు. బీమాకు కొంత చాలు. మిగతాది తనవద్దే ఉంచుకోవచ్చు. రాసిచ్చే ఆ కొంతకైనా దానపత్రంలో ఒక వాక్యం ఉండాలి: "నన్నూ నా భార్యనూ బతికినంతకాలం పోషించాలన్న షరతు మీద ఇస్తున్నాను" అని. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను ఇందుకే పెట్టారు. అరవై ఏళ్లు దాటినవారు అలాంటి షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషణ మానేస్తే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు కాగితంలో లేకపోతే కేసు నిలవడం కష్టమని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ముసలివాళ్లకు అనుకూలంగా కొంత ఉదారంగానే చూసింది. ఏమైనా కోర్టుల ఉదారం మీద ఆధారపడటం కంటే రాసే రోజున రెండు లైన్లు రాయించుకోవడం సుఖం.

ఇంకో మాట. పట్టా తండ్రి దగ్గర్నుంచి కొడుక్కే ఎందుకు పోవాలి? ఆమెకు యాభై రెండు ఏళ్లనుకోండి. ఒక ఎకరం ఆమె పేరు మీద పెడితే ఆమె రైతు అవుతుంది. బీమా వస్తుంది, భరోసా డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. నలభై ఏళ్లుగా కలుపు తీసిన మనిషిని రైతు అని రాయడానికి ఎవరి అభ్యంతరం? పైగా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం అలా ఆడమనిషికి దక్కిన ఆస్తి పూర్తిగా ఆమెదే.

2024లో రెండు లక్షల రుణమాఫీ అప్పుడు ఈ పేర్ల సంగతి చాలా ఇళ్లలో బయటపడింది. మాఫీ మనిషికి కాదు, కుటుంబానికి. కుటుంబం అంటే ఎవరనేది రేషన్ కార్డును బట్టి లెక్క తీశారు. తండ్రి పేర ఒక రుణం, కొడుకు పేర ఒక రుణం, కార్డు మాత్రం ఒక్కటే ఉన్నచోట ఇద్దరికీ కలిపి రెండు లక్షలే. పైన ఉన్నది ముందు కడితేనే మాఫీ అన్నారు. ఎవరి రుణం ఎంతో ఒకరికొకరు చెప్పుకోని తండ్రీకొడుకులు బ్యాంకు కౌంటరు దగ్గరే మొదటిసారి తెలుసుకున్నారు. అదే ఉత్తర్వులో, కుటుంబం మొత్తం రుణం రెండు లక్షలు దాటితే ముందుగా ఆడవాళ్ల పేరు మీద ఉన్న రుణాన్ని మాఫీ చేసి, ఆ తరువాతే మగవాళ్లది చూడాలని ఉంది. అట్లా ముందుండే అవకాశం వచ్చినా, పట్టా లేకపోతే ఆడవాళ్ల పేరు మీద పంట రుణం ఎక్కడినుంచి వస్తుంది?

అప్పు ఎవరిది?

తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్నది మనవాళ్ల నరాల్లో ఉంది. పాత హిందూ ధర్మశాస్త్రం దాన్ని కొడుకు పుణ్యకార్యంగానే చెప్పింది, కోర్టులూ ఒప్పుకునేవి. 2005 సెప్టెంబర్ 9 నుంచి ఆ పద్ధతి పోయింది. ఆ తేదీ తరువాత తండ్రి చేసిన అప్పుకు, కేవలం కొడుకు అన్న కారణంగా ఎవరూ దావా వేయలేరు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి ఎంతవరకుందో అంతవరకే వసూలు. ఇది తెలియక, నాయన దినాలు కాకముందే వచ్చి కూర్చున్న అప్పులవాళ్లకు కొత్త ప్రోనోట్లు రాసిచ్చిన కొడుకులున్నారు. ఒకసారి సంతకం పెట్టాక అది నాయన అప్పు కాదు, వాళ్లదే. ప్రోనోటు గడువు మూడేళ్లు. మధ్యలో కొంత కట్టి వెనక రాసి సంతకం చేస్తే మళ్లీ మూడేళ్లు మొదలు. సంతకం పెట్టేముందు ఆ కాగితం వెనక్కి తిప్పి చూడాలి.

ఎదిగిన కొడుకు చేసిన అప్పుకు తండ్రీ బాధ్యుడు కాడు, జమానతు సంతకం పెడితే తప్ప. ఇప్పుడు ఈ రెండోదే ఎక్కువగా జరుగుతోంది. ఫోనులో అప్పు ఇచ్చే యాప్‌లు, క్రికెట్ బెట్టింగులు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా వడ్ల డబ్బు నాయన ఖాతాలో పడిన రాత్రే ఖాళీ అయిన ఇళ్ల కథలు వింటూనే ఉన్నాం. ఇలాంటివి నెలల తరబడి బయటికి రాకపోవడానికి కారణం మెసేజి ఒక్క ఫోనుకే రావడం. బ్యాంకులో అడిగితే ఖాతాకు నాయన సొంత నంబరు పెడతారు. చదువు రాకపోయినా, ఫోను మోగిందని కోడలినో మనవరాలినో పిలిచి చదివించుకోవచ్చు. పదో తరగతి చదివే మనవరాలికంటే గట్టి ఆడిటరు ఎవరుంటారు?

మగవాళ్ల లెక్కల్లో ఆడవాళ్ల పేరు మీద నడిచే అప్పు కూడా ఒకటుంది. మహిళా సంఘం లోను. తల్లి సంతకం, కోడలి సంతకం, డబ్బు మాత్రం బోరుకో ట్రాక్టరు కిస్తీకో పోతుంది. తప్పు లేదు, ఇంటికోసమే. కానీ కిస్తీ తప్పిన నెలలో సంఘం మీటింగుకు పోయి తలొంచుకోవలసింది ఆమె. మిగతా సభ్యులు తమ పొదుపులోంచి సర్దవలసి వస్తుంది. ఆ రోజు తండ్రీకొడుకుల్లో ఎవరూ ఆ మీటింగుకు రారు.

బంగారమూ అంతే. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు ఆమె స్త్రీధనమనీ, భర్తకు గానీ అత్తమామలకు గానీ వాటిమీద హక్కు లేదనీ సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టంగా చెప్పింది. అవసరానికి ఇవ్వద్దని నేననను. ఇస్తే బ్యాంకులో తాకట్టు రసీదు ఆమె పేరుమీద ఉండాలి. మామ పేరుమీదో, భర్త పేరుమీదో పెడితే, రేపు విడిపించుకోవడానికి ఆమె వారసుల సర్టిఫికెట్ల చుట్టూ తిరగాలి, తన మెడలో గొలుసు కోసం!

ఆడపిల్లల మాట

తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు ఆడపిల్లలు లెక్కలోకి రారు. "కట్నమిచ్చి పంపినం గదా" అంటారు. చట్టంలో కట్నం వాటాకు బదులు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెండ్లి కాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమంగా హక్కు వచ్చింది. 2005 సవరణ పెండ్లయిందా లేదా అన్న తేడా తీసేసింది. 2020 ఆగస్టు 11 తీర్పులో, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పుట్టుకతోనే ఉన్నదని సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరై పంపకం అయిపోయినవి మాత్రం కదపరు. కాబట్టి నాయన కొడుకు పేరు మీద చేసే భూమి ఆయన స్వార్జితమా, తాతలనాటిదా అన్నది చూసుకోవాలి. తాతలనాటిదైతే ఆడపిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడాకే కాగితం రాయాలి. పండక్కి వచ్చిన బిడ్డ ముందు "ఈడ సంతకం పెట్టు" అని కాగితం జరపడం మాట్లాడటం కాదు.

పట్నం ఇల్లు, పింఛను, నామినీ

వనపర్తి పట్నంలోని ఇళ్లలో లెక్క వేరు. రిటైరైన తండ్రి పింఛను, కొడుకు ప్రైవేటు జీతం కలిసి ఇంటి లోను కిస్తీ కడుతుంటాయి. పింఛను ఖాతాలో రెండో పేరు కొడుకుది పెడతారు, "తిరగడానికి వీలు" అని. ఫ్యామిలీ పింఛను వచ్చేది మాత్రం భార్యకు. జీతం తెచ్చుకునే పెద్ద కొడుక్కి కాదు. ఆ ఖాతా భార్యతో జాయింటుగా ఉంటే ఆయన తరువాత అదే ఖాతాలో ఆమెకు పింఛను పడుతుంది, కొత్త ఖాతా కోసం తిరగనక్కరలేదు.

తండ్రి పింఛను డబ్బుతో కొడుకు పేరుమీద ప్లాటు కొనే ఇళ్లు ఇంకా ఎక్కువ. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. కొడుకు వీలునామా లేకుండా పోతే మొదటి వరుస వారసులు అతని భార్య, పిల్లలు, తల్లి. తండ్రి ఆ వరుసలో లేడు! డబ్బు పెట్టింది ఆయనే అయినా సరే. తల్లికి కోడలితో, పిల్లలతో పాటు సమాన వాటా ఉంది. లెక్కలన్నీ చూసే ఇద్దరు మగవాళ్లలో ఒకరు పోతే, ఆస్తి మీద సంతకం పెట్టవలసిన వాళ్లు అత్తా కోడళ్లు. వాళ్లకు ఆ ప్లాటు సర్వే నంబరు కూడా చెప్పి ఉండరు.

నామినీ అంటే వారసుడు అని కూడా మనవాళ్లు అనుకుంటారు. బ్యాంకు డబ్బు వరకు నామినీ అంటే తీసుకునే మనిషి మాత్రమే. తీసుకున్నది వారసులందరికీ పంచాలి. అయినా ముందు ఆ డబ్బు చేతికి వచ్చేది అతనికే గనుక ఆ పేరు ముఖ్యం. ఇదివరకు ఒక ఖాతాకు ఒక్క పేరే రాయనిచ్చేవారు. అందరూ కొడుకు పేరే రాసేవారు. 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా రాయొచ్చు. ఎవరికెంత శాతమో కూడా చెప్పొచ్చు. భార్యకు సగం, కొడుక్కి పావు, కూతురికి పావు అని రాస్తే బ్యాంకు ఒప్పుకుంటుంది.

నామినేషన్ ఉన్నదీ లేనిదీ పాస్‌బుక్కులోనే రాసి ఉంటుంది. అడిగితే పేరు కూడా రాస్తారు. ఈసారి పాస్‌బుక్కు ప్రింటు కోసం బ్యాంకుకు పోతున్నప్పుడు ఆ పేజీ చూసి రమ్మని చెప్పండి. వాళ్లు మరిచిపోతారు, మీరే వెళ్లండి. రాజావారి ప్యాలెస్ వైపు ఎటూ ఆటోలు దొరుకుతాయి, వచ్చేటప్పుడు కూరగాయలు కూడా తెచ్చుకోవచ్చు.